అద్దె ఇంట్లో గ్యాస్ గీజర్ సరిగ్గా లేకపోతే ఏం చేయాలి, ఓనర్‌తో ఎలా చేయించుకోవాలి

గ్యాస్ గీజర్ వెలగట్లేదంటే అందరూ వెంటనే మెకానిక్ నంబర్ వెతుకుతారు, అదే గీజర్ బాత్రూం లోపల బుసబుసమని మండుతూ వేడి నీళ్లు ఇస్తుంటే మాత్రం ఎవరూ దాని జోలికి వెళ్లరు. నాకు భయం ఆ రెండో గీజర్ అంటేనే. వెలగనిది మహా అయితే చన్నీళ్ల స్నానం చేయిస్తుంది, గాలి ఆడని బాత్రూంలో చక్కగా వెలిగేది ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే బ్యాటరీలు, వాషర్ల సంగతి తర్వాత చెప్తాను, ముందు మీ గీజర్ ఎక్కడ బిగించి ఉందో ఒక్కసారి వెళ్లి చూసి రండి.

బాత్రూం లోపలే ఉందా, షవర్ పక్కన గోడకి? దాని నెత్తిన పొగ బయటికి పోయే గొట్టం ఉందా, ఉంటే అది నిజంగా గోడ దాటి బయటికి పోయిందా లేక వెంటిలేటర్ దగ్గర మధ్యలోనే ఆగిపోయిందా? వెంటిలేటర్ అద్దాలు తెరిచి ఉన్నాయా, దోమలనో చలనో అట్టముక్క అడ్డం పెట్టారా? తలుపు కింద సందు ఉందా? ఈ నాలుగూ చూస్తే సగం విషయం తెలిసిపోతుంది.

ఎందుకంత పట్టుబడుతున్నానంటే లెక్క చూడండి. మామూలుగా మన ఇళ్లల్లో ఉండే 6 లీటర్ల ఇన్‌స్టంట్ గ్యాస్ గీజర్ సుమారు 12 కిలోవాట్ల వేడి పుట్టిస్తుంది, అంటే వంటింట్లో పెద్ద బర్నర్లు నాలుగు ఒకేసారి ఫుల్లుగా పెట్టినంత మంట. గంటసేపు నడిస్తే కిలోకి కాస్త తక్కువ గ్యాస్ తాగుతుంది, కిలో గ్యాస్ మండాలంటే దాదాపు 12, 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. అద్దె ఇళ్లలో బాత్రూం ఎంత ఉంటుంది, ఐదడుగులు ఏడడుగులు, ఎత్తు తొమ్మిది అనుకుందాం, మొత్తం కలిపి 9 ఘనపు మీటర్లు రాదు. పావుగంట స్నానానికి దాంట్లో మూడో వంతు గాలి గీజరే లాగేసుకుంటుంది, పైగా మండగా వచ్చిన పొగ, ఆవిరి మళ్లీ అదే గదిలోకి వదులుతుంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ గ్యాస్ పూర్తిగా కాలదు, అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు వాసన లేదు కళ్లు మండవు, దగ్గు కూడా రాదు. రక్తంలో హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా అంటుకుంటుంది, దాంతో ఊపిరి ఆడుతున్నట్టే ఉంటుంది కానీ ఒంటికి ఆక్సిజన్ అందదు.

వరసగా ముగ్గురు నలుగురు స్నానాలు చేసే ఇంట్లో చివర వెళ్లేవాళ్లకి ప్రమాదం ఎక్కువ, ముందువాళ్ల పొగంతా అక్కడే పేరుకుని ఉంటుంది కాబట్టి. చాలా ఇళ్లలో ఆ చివర వెళ్లేది అమ్మే. తలస్నానం అయితే ఇంకా ఎక్కువసేపు లోపల ఉంటారు. ధనుర్మాసంలో తెల్లవారుజామున తలుపులు కిటికీలు బిగించుకుని చేసే స్నానాలు, భోగినాడు ఇంటిల్లిపాదికీ తలంట్లు, బంధువులు కూడా దిగుతారు, గీజర్ గంటల తరబడి నడుస్తూనే ఉంటుంది. ఏడాది మొత్తంలో గీజర్ ఎక్కువ మండేది, కిటికీలు ఎక్కువ మూసి ఉండేది ఆ రోజుల్లోనే.

స్నానం చేస్తుంటే తలనొప్పి రావడం, కళ్లు తిరగడం, వికారం, కాళ్లు తేలిపోయినట్టు ఉండటం, బయటికొచ్చి కాసేపు ఫ్యాన్ కింద కూర్చుంటే తగ్గిపోవడం, ఇలా ఒక్కసారి జరిగినా సరే దాన్ని గ్యాస్ కిందే లెక్క వేసుకోండి. బీపీ తగ్గింది, ఉపవాసం ఉన్నా కదా, నిద్ర చాల్లేదు అని మనకి మనమే సర్ది చెప్పుకుంటాం, అక్కడే మోసం జరుగుతుంది. బాత్రూంలో పడిపోయి కొట్టుకుంటే ఫిట్స్ అనుకుని, అసలు కారణం గ్యాస్ గీజర్ అని తర్వాత తేలిన కేసులు మన దేశంలో డాక్టర్లు రాశారు, వాళ్లు దీనికి గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అని పేరు కూడా పెట్టారు.

ఎవరైనా లోపలికెళ్లి పిలిస్తే పలకట్లేదనుకోండి, ఆలోచించొద్దు, తలుపు పగలగొట్టండి. మనిషిని బయట గాలి ఆడే చోటికి లాగేయండి, ఆ తర్వాతే గ్యాస్ కట్టేయడం, కిటికీలు తీయడం, అది కూడా పక్కన ఇంకొకరు ఉంటే వాళ్లని చేయమనండి. మీరు లోపల నిలబడి నీళ్లు చల్లి లేపుతూ కూర్చుంటే మీరూ పడిపోతారు. ఊపిరి లేకపోతే, ఛాతీ నొక్కడం తెలిసినవాళ్లు వెంటనే మొదలుపెట్టండి. 108కి ఫోన్ చేయండి. హాస్పిటల్లో మొదటి మాటగా "గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూంలో పడిపోయారు" అని చెప్పండి, ఇది చాలా ముఖ్యం. ఎందుకంటే కోవిడ్ అప్పుడు అందరం కొనుక్కున్న వేలికి పెట్టే ఆక్సీమీటర్ కార్బన్ మోనాక్సైడ్‌ని గుర్తుపట్టలేదు, మనిషి విషమంగా ఉన్నా 98, 99 అని చూపిస్తుంది. రక్తంలో కార్బాక్సీ హిమోగ్లోబిన్, అంటే కార్బన్ మోనాక్సైడ్ అంటుకున్న హిమోగ్లోబిన్, ఎంతుందో విడిగా టెస్ట్ చేయాలి, మాస్క్ పెట్టి ఫుల్ ఆక్సిజన్ ఇవ్వాలి. మెలకువ వచ్చేసింది కదా అని ఇంటికి తీసుకొచ్చేయకండి, కొంతమందికి కొన్ని రోజులు, వారాల తర్వాత మతిమరుపు, నడకలో తేడా లాంటివి బయటపడతాయి. కడుపుతో ఉన్నవాళ్లయితే బాగానే ఉందనిపించినా చూపించుకోవాల్సిందే, లోపల బిడ్డకి ప్రమాదం ఎక్కువ.

సరే, గీజర్ బాత్రూంలోనే ఉంది, ఓనర్ మార్పించేదాకా టైం పడుతుంది, రేపు పొద్దున్న స్నానం ఎలా? బాత్రూం తలుపు, వెంటిలేటర్ బార్లా తెరిచి పెట్టి బకెట్లు నింపుకోండి, నింపేటప్పుడు ఎవరూ లోపల నిలబడొద్దు. నిండాక గీజర్ కట్టేయండి, సిలిండర్ దగ్గర కూడా కట్టేయండి, ఓ పది నిమిషాలు గాలి ఆడనిచ్చి అప్పుడు వెళ్లి మగ్గుతో స్నానం చేయండి. గీజర్ మండుతుండగా షవర్ కింద నిలబడే పని పూర్తిగా మానేయాలి. కొన్నాళ్లపాటు లోపల గడియ పెట్టుకోకుండా తలుపు దగ్గరగా వేసుకోండి, బయట ఒకళ్లు ఉండేలా చూసుకోండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిగా అంటారు చాలామంది, లోపలికి గాలి వచ్చే దారి లేకుండా ఫ్యాన్ ఒక్కటే తిరిగితే సరిపోదు, పొగగొట్టం ఉన్న గీజర్ అయితే ఆ ఫ్యాన్ లాగుడుకి గొట్టంలో పైకి పోవాల్సిన పొగ వెనక్కి గదిలోకే రావచ్చు కూడా. పైన చెప్పిన తలనొప్పి, కళ్లు తిరగడం ఇప్పటికే ఎవరికైనా వచ్చి ఉంటే మాత్రం ఈ బకెట్ పద్ధతి కూడా వద్దు, మెకానిక్ చూసేదాకా వంటింటి స్టవ్ మీదే నీళ్లు కాచుకోండి.

ఇక రిపేర్ల సంగతి. గీజర్ ఏం చెప్తోందో దాని గుర్తుల్ని బట్టి తెలుసుకోవచ్చు, కొన్ని మీరే చూసుకోవచ్చు, కొన్నిటికి చెయ్యి పెట్టకూడదు.

ట్యాప్ తిప్పినా టిక్ టిక్ శబ్దమే రాట్లేదంటే ముందు బ్యాటరీలు. కింద చిన్న డబ్బాలో రెండు లావు సెల్స్ ఉంటాయి, డి సైజు అని అడగండి, రెండూ ఒకేసారి కొత్తవి మార్చాలి, పాతదొకటి కొత్తదొకటి పెట్టొద్దు. సెల్ కారి పచ్చగా చిలుము పట్టి ఉంటే పొడి గుడ్డతో, ఉప్పుకాగితంతో గీకి శుభ్రం చేస్తే సరిపోతుంది. అవి మార్చినా రాకపోతే నీళ్ల ప్రెషర్ చూడండి. నీళ్లు కాస్త బలంగా పారితేనే లోపలున్న రబ్బరు పొర కదిలి స్విచ్ నొక్కుతుంది, అప్పుడే నిప్పురవ్వ వస్తుంది. పై అంతస్తు పోర్షన్లలో ఉండేవాళ్లకి ఎక్కువగా వచ్చే తంటా ఇదే, ట్యాంకు నెత్తిమీదే ఉంటుంది కాబట్టి ఎత్తు చాలదు. మోడల్‌ని బట్టి ట్యాంకుకీ గీజర్‌కీ మధ్య రెండున్నర మూడు మీటర్లన్నా తేడా ఉండాలి. కింద అంతస్తుల్లో బాగా పనిచేసే అదే గీజర్ పైన పనిచేయదు, దానికి గీజర్ మార్చి లాభం లేదు, చిన్న ప్రెషర్ పంపు పెట్టాలి. ఇది ఓనర్‌కి అర్థమయ్యేలా చెప్పాలి, లేకపోతే మూడు మెకానిక్‌లు మూడు పార్ట్‌లు మార్చి పోతారు తప్ప పని అవ్వదు.

మొదట్లో బాగా వచ్చి నెలలు గడిచేకొద్దీ నీళ్లు సన్నబడి వెలగడం మానేసిందంటే బోరు నీళ్ల ఉప్పు. హైదరాబాద్ శివార్లలో బోరు, ట్యాంకర్ నీళ్ల మీద బతికే అపార్ట్‌మెంట్లలో ఇది తప్పదు. గ్యాస్ కట్టేసి, నీళ్ల వాల్వ్ కట్టేసి, గీజర్‌లోకి వచ్చే పైపు నట్టు విప్పితే లోపల చిన్న జాలీ ఉంటుంది, దాన్ని తీసి పాత బ్రష్‌తో కడిగి పెట్టొచ్చు. షవర్ తల కూడా విప్పి రాత్రంతా వెనిగర్‌లోనో నిమ్మ ఉప్పు నీళ్లలోనో నానబెట్టండి, తెల్లగా పేరుకున్నదంతా కరిగిపోతుంది. లోపలి రాగి గొట్టాల్లో పేరుకున్నది మాత్రం సర్వీస్ వాళ్లే తీయాలి.

టిక్ టిక్ వస్తోంది, మంట రాట్లేదు అంటే సిలిండర్ అయిపోయిందేమో, రెగ్యులేటర్ ఆన్‌లో ఉందో లేదో, కొత్త సిలిండర్ పెట్టాక గొట్టంలో గాలి ఉండిపోయిందేమో చూడండి. రెండు మూడుసార్లు ట్యాప్ తిప్పి ఆపితే వస్తే సరే. రాకపోతే ఆపేయండి, పదిసార్లు ప్రయత్నించొద్దు, వెలగని ప్రతిసారీ కాస్త కాస్త గ్యాస్ బయటికి వచ్చి గదిలో నిలబడుతుంది. వెలిగిన కాసేపటికి ఆరిపోతోందంటే మంటని కనిపెట్టే పుల్లకి మసి పట్టి ఉండొచ్చు, నీళ్లు మరీ వేడెక్కి కటాఫ్ అయి ఉండొచ్చు, చాలా మోడళ్లలో 20 నిమిషాలకి దానంతట అదే ఆరిపోయే టైమర్ కూడా ఉంటుంది, అది లోపం కాదు. ఆ టైమర్ పెట్టింది మన రక్షణ కోసమే, దాన్ని తీసేయమని మెకానిక్‌ని అడిగేవాళ్లున్నారు, దయచేసి అడక్కండి.

ఇప్పుడు చెప్పేవి కనిపిస్తే గీజర్ ఆ క్షణం నుంచి బంద్. మంట నీలంగా ఉండాల్సింది పసుపుపచ్చగా, ఎర్రగా నాలుకలు చాస్తూ ఉంటే, గీజర్ పైన గోడకి నల్లగా మసి పడుతుంటే గ్యాస్ సరిగ్గా కాలట్లేదని అర్థం, కార్బన్ మోనాక్సైడ్ తయారవుతోందన్నమాట. బర్నర్‌లో దుమ్ము, సాలీడు గూళ్లు పట్టినా, రాగి రెక్కల మధ్య మసి పూడుకుపోయినా ఇలాగే అవుతుంది. వేసవంతా వాడకుండా వదిలేసి నవంబర్‌లో ఒకేసారి ఆన్ చేసే గీజర్లలో ఇది మామూలు. అలాగే ఆన్ చేయగానే ఢబ్‌మని శబ్దం వస్తుంటే, గ్యాస్ ముందు వచ్చి నిప్పు వెనక అందుతోందని, ఆ ఢబ్ ఒకరోజు ముందు రేకునే ఎగరగొట్టగలదు. ట్యాప్ కట్టేసినా మంట ఆరట్లేదంటే అన్నిటికంటే ముందు సిలిండర్ దగ్గరికి పరిగెత్తి కట్టేయండి, లోపల నీళ్లు కదలకుండా మంట ఆడితే ఆవిరి పట్టి గొట్టాలు పగులుతాయి. గ్యాస్ వాసన వచ్చినా ఇంతే. లైట్ స్విచ్ వేయొద్దు, వేసున్నది ఆపొద్దు, రెగ్యులేటర్ కట్టేసి కిటికీలు తీసి బయటికొచ్చి 1906కి చేయండి, ఎల్‌పీజీ లీకుల కోసం రాత్రీపగలూ పనిచేసే నంబర్ అది. మంట అంటుకుంటే 101.

లీకు ఉందేమో అని అనుమానం ఉంటే గొట్టం జాయింట్ల మీద సబ్బు నురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, మీ ముందు ఏ మెకానిక్ అయినా అలా చేయబోతే వెంటనే ఆపి పంపించేయండి.

గీజర్ మూత విప్పి లోపల వాల్వ్, జెట్ (గ్యాస్ చిమ్మే సన్న రంధ్రం ముక్క), రబ్బరు పొర మార్చడం యూట్యూబ్ చూసి చేసే పని కాదు. ప్లంబర్‌తో కూడా చేయించొద్దు, ప్లంబర్‌కి నీళ్లు తెలుసు, గ్యాస్ తెలియదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌కో, గ్యాస్ ఏజెన్సీ మెకానిక్‌కో చెప్పండి. వచ్చినవాళ్లని మూడు అడగండి: మంట రంగు చూపించమని, సబ్బు నీళ్ల టెస్ట్ మీ కళ్లముందు చేయమని, ఏం చేశారో ఏ పార్ట్ మార్చారో బిల్లు మీద రాయమని. గీజర్ బాత్రూంలో ఉండటం సేఫ్ కాదు అని మెకానిక్ నోటితో అంటే ఆ మాట కూడా బిల్లు మీదే రాయించండి, ఓనర్ దగ్గర మీ నూరు మాటల కంటే అది పనిచేస్తుంది.

ఓనర్ విషయానికొద్దాం. అద్దెకున్నవాళ్లలో చాలామంది గీజర్ గురించి అడగడానికి మొహమాటపడతారు, అద్దె పెంచుతారేమో ఖాళీ చేయమంటారేమో అని. అడిగే తీరులోనే ఉంది అంతా. రిపేరు అంటే ఓనర్‌కి ఖర్చు గుర్తొస్తుంది, మీరు మాత్రం ప్రమాదం అని మొదలుపెట్టండి. ముందు ఫోన్ చేసి మర్యాదగా మాట్లాడండి, కుదిరితే ఇంటికి పిలిచి చూపించండి, ఆ తర్వాత మాట్లాడిందంతా అదేరోజు వాట్సాప్‌లో పెట్టండి. ఇలా రాయొచ్చు:

"నమస్తే అంకుల్, పొద్దున ఫోన్లో చెప్పాను కదా, బాత్రూంలో గ్యాస్ గీజర్ మంట పసుపుపచ్చగా వస్తోంది, గోడకి మసి పడుతోంది, ఫొటోలు వీడియో పెడుతున్నాను. పొగ బయటికి పోయే గొట్టం లేదు. నిన్న స్నానం చేస్తుంటే మా ఆవిడకి కళ్లు తిరిగాయి. మెకానిక్ చూసి ఇక్కడ వాడొద్దని రాసిచ్చారు, ఆ కాగితం కూడా పెడుతున్నాను. ఇవాళ్టి నుంచి వాడటం ఆపేశాం. దీన్ని వాష్ ఏరియాలోకి మార్పించండి, లేదంటే కరెంటు గీజర్ పెట్టించండి అంకుల్. ఈ ఆదివారంలోగా ఎవరినైనా పంపిస్తారా, నేను ఇంట్లోనే ఉంటాను."

తేదీ, ఫొటో, ఏం కావాలి, ఎప్పటిలోగా, ఈ నాలుగూ ఉండాలి. ఓనర్ ఊళ్లో లేకుండా వాచ్‌మన్‌తోనో బ్రోకర్‌తోనో నడిపిస్తుంటే వాళ్లకి చెప్పి ఊరుకోవద్దు, ఓనర్‌కే నేరుగా పెట్టండి.

చట్టం ఏమంటుంది అంటే, ముందు మీ అగ్రిమెంట్ తీసి చదవండి, అన్నిటికంటే ముందు లెక్కలోకి వచ్చేది అదే. ఇంట్లో ఉన్న వస్తువుల జాబితాలో గీజర్ ఉందా, రిపేర్లు ఎవరివి అని రాసుందా చూడండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 108 ప్రకారం, ఓనర్ చేయించి తీరాల్సిన రిపేరుని మీరు చెప్పాక కూడా తగిన టైంలో చేయించకపోతే, మీరే చేయించి ఆ ఖర్చు అద్దెలో పట్టుకోవచ్చు, అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకోకపోతే. ఇక్కడ మెలిక ఏంటంటే గీజర్ రిపేరు ఓనర్ చేయించి తీరాల్సిందా అన్నది. 2021లో కేంద్రం రాష్ట్రాలకి పంపిన మోడల్ టెనెన్సీ యాక్ట్‌లో, వేరేగా రాసుకోకపోతే, పంపు వాషర్లు, స్విచ్‌లతోపాటు గీజర్ రిపేర్లు కూడా అద్దెకున్నవాళ్ల ఖాతాలోనే వేశారు, పైపులు మార్చడం, లోపలి కరెంటు వైరింగ్ మాత్రం ఓనర్ ఖాతాలో. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది, కానీ అగ్రిమెంట్లు రాసేవాళ్లు ఆ మాటలు ఎత్తి రాసే అవకాశం ఉంది కాబట్టి చూసుకోండి. నా అభిప్రాయం ఏంటంటే బ్యాటరీలు, జాలీ కడగడం, ఏడాదికోసారి సర్వీస్ మనం పెట్టుకోవడంలో తప్పులేదు. తప్పు చోట బిగించిన గీజర్‌ని మార్చడం, పొగగొట్టం పెట్టించడం, గోడకి కన్నం కొట్టడం, కొత్త పైపు లాగడం మాత్రం రిపేరు కింద రాదు, అది ఇల్లు కట్టినప్పుడు జరిగిన లోపం, ఓనరే చేయించాలి. ఈ రెండిటినీ విడదీసి చెప్తే చాలామంది ఓనర్లు ఒప్పుకుంటారు కూడా. మీరు ఖర్చు పెట్టి అద్దెలో పట్టుకునే పక్షంలో ముందుగా ఎంత అవుతుందో కొటేషన్ పంపి "సరే" అని మెసేజ్ తెప్పించుకున్నాకే చేయించండి, తర్వాత గొడవ ఉండదు.

మార్పించేటప్పుడు ఎక్కడ పెట్టాలి? వాష్ ఏరియాలోనో బాల్కనీలోనో, ఆకాశం కనిపించే చోట, అక్కడి నుంచి వేడి నీళ్ల పైపు బాత్రూంలోకి లాగాలి. గ్రిల్ ఉంటే పర్వాలేదు, అద్దాలు బిగించి మూసేసిన బాల్కనీ మళ్లీ గదితో సమానం. అపార్ట్‌మెంట్లలో డక్ట్ లోకి, అంటే బాత్రూంల వెనక కింది నుంచి పైదాకా వదిలే ఖాళీ సందులోకి, పొగగొట్టం పెడతామంటారు, దానికి ఒప్పుకోకండి. ఆ డక్ట్ లోకే పై అంతస్తుల వెంటిలేటర్లన్నీ తెరుచుకుని ఉంటాయి, మీ పొగ వాళ్ల బాత్రూంలోకి పోతుంది, కిందవాళ్లు పెట్టుకుంటే వాళ్లది మీకు వస్తుంది. మీ ఇంట్లో గ్యాస్ గీజర్ లేకపోయినా డక్ట్ వైపు పొగ వాసన, మసి కనిపిస్తే అసోసియేషన్ మీటింగులో లేవనెత్తండి.

సిలిండర్ నిలువుగా, గాలి ఆడే చోట, నేలమట్టం మీదే ఉండాలి, ఎల్‌పీజీ గాలి కంటే బరువు కాబట్టి లీకైతే కిందే పరుచుకుంటుంది, అందుకే బాత్రూంలోకి గానీ పల్లంలోకి గానీ తేకూడదు. వంటింటి సిలిండర్‌కి టీ జాయింట్ వేసి కిటికీ లోంచి బాత్రూం దాకా మీటర్ల కొద్దీ రబ్బరు గొట్టం లాగడం అద్దె ఇళ్లలో కళ్లారా చూస్తుంటాం, అది వద్దే వద్దు. రబ్బరు గొట్టం ఒకటిన్నర మీటర్ దాటకూడదు, గోడ లోంచి పోకూడదు, ఐఎస్ఐ గుర్తున్న సురక్ష గొట్టమే వాడాలి, దాని మీద ముద్రించిన సంవత్సరం చూసి ఐదేళ్లకోసారి మార్చాలి. దూరం ఉంటే రాగి పైపు వేయించాలి. గీజర్ మీద కూడా ఐఎస్ఐ మార్క్, ఐఎస్ 15558 అని ఉందో లేదో చూడండి. హైదరాబాద్, విజయవాడల్లో పైపు గ్యాస్ వచ్చిన ఇళ్లవాళ్లకి ఇంకో మాట, సిలిండర్ గ్యాస్ కోసం చేసిన గీజర్‌ని తిన్నగా పైపు గ్యాస్‌కి తగిలించకూడదు, ప్రెషర్ వేరు, జెట్ వేరు, మంట చెడుతుంది.

నన్నడిగితే మాత్రం బాల్కనీ లేని ఇంట్లో గ్యాస్ గీజర్ తీయించేసి కరెంటుది పెట్టించడమే మంచిది. కరెంటు బిల్లు అని భయపడతారు గానీ, 20 లీటర్ల బకెట్ నీళ్లు 20 డిగ్రీలు వేడెక్కాలంటే అర యూనిట్ కరెంటు కూడా పట్టదు, గ్యాస్ అయితే 45 గ్రాముల దాకా కాలుతుంది, మీ ఊళ్లో రేట్లు వేసి చూసుకోండి, తేడా ఎంత చిన్నదో తెలుస్తుంది. 3 లీటర్ల ఇన్‌స్టంట్‌వి చాలావరకు 3 కిలోవాట్లు, 13 ఆంప్స్ లాగుతాయి, 15 లీటర్ల స్టోరేజీవి 2 కిలోవాట్లు, 9 ఆంప్స్ లోపు. పాత ఇంటి వైరింగ్‌కి రెండోదే నయం. ఏదైనా 16 ఆంప్స్ పవర్ ప్లగ్గు, పనిచేసే ఎర్తింగ్, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకున్నాకే. ఎర్తింగ్ లేని ఇంట్లో కరెంటు గీజర్ పెట్టడం, బకెట్లో రాడ్ వేసి చెయ్యి పెట్టి చూడటం ఒక ప్రమాదం వదిలి ఇంకోదాన్ని తెచ్చుకోవడమే.

గీజర్ మారేదాకా, మారాక కూడా, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొనిపెట్టుకోండి, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, బ్యాటరీతో నడుస్తుంది. కొనేటప్పుడు జాగ్రత్త, ఎల్‌పీజీ లీక్ డిటెక్టర్ వేరు ఇది వేరు, అది కాలని గ్యాస్‌ని పట్టుకుంటుంది గానీ కార్బన్ మోనాక్సైడ్‌ని పట్టుకోదు. బాత్రూం లోపల ఆవిరికి ఈ కార్బన్ మోనాక్సైడ్ అలారం సరిగ్గా పనిచేయదు, తలుపు బయట పెట్టండి. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడండి, వెనక రాసిన గడువు అయిపోగానే మార్చండి. అద్దె ఇల్లు మారినా ఇది మీతోపాటే వస్తుంది. బెంగళూరులో పీజీల్లో, షేరింగ్ ఫ్లాట్లలో ఉండే మన పిల్లలకి ఇది తప్పకుండా కొనివ్వండి, అక్కడ చలి ఎక్కువ, బాత్రూంలు చిన్నవి, గ్యాస్ గీజర్లూ ఎక్కువే. ఫోన్లో అన్నం తిన్నావా అని అడిగేటప్పుడు గీజర్ ఎక్కడుంది అని కూడా ఒకసారి అడగండి.

కొత్త ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడే బ్రోకర్ ముందు గీజర్ ఆన్ చేయించి మంట రంగు చూడండి, పొగగొట్టం ఎటు పోయిందో చూడండి, వీడియో తీసుకోండి, అడ్వాన్స్ ఇచ్చేముందే మార్పు అడగండి, అప్పుడు ఓనర్ ఒప్పుకున్నంత సులువుగా దిగాక ఒప్పుకోరు. గీజర్ పేరు, పరిస్థితి అగ్రిమెంట్ జాబితాలో రాయించండి. ఖాళీ చేసేటప్పుడు ఆ వీడియో, బిల్లులు, మెసేజ్‌లు ఉంటే గీజర్ పాడు చేశారని అడ్వాన్స్‌లో కోయడానికి వీలుండదు. ఓనర్ ఆఖరి దాకా మార్పించకపోతే, మీ తర్వాత ఆ పోర్షన్ చూడ్డానికి వచ్చేవాళ్లకి ఆ బాత్రూం గీజర్ వాడొద్దని చెప్పి, కారణం కూడా చెప్పి వెళ్లండి.